కళ్ళము, బడి, కుటుంబము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీల అధికారములను గూర్చియు, నిధులను గూర్చియు మీకు చెప్పువారు పలువురు కలరు. నేడు నేను చెప్పదలచినది వేరొక విషయము. మన యిండ్లలో పెద్దలు తరచు తలచుకొను కోతల దినములు, బండ్లు కట్టుకొని కలసి వెళ్ళిన ప్రయాణములు, చదువుకొన్న బడి - వీనితో పంచాయతీకి పనియేమి యని మీరడుగవచ్చును. పని కలదు. గ్రామమున ఏది నిలుపుకొనవలెనో, ఏది విడువవలెనో తెలుపునవి ఆ జ్ఞాపకములే.

మాది గోదావరి డెల్టా ప్రాంతము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి అచ్చటి కుటుంబముల సంవత్సరమంతయు కాలువ నీటిని బట్టియే నడచుచున్నది. సార్వా పంట కార్తీక మార్గశిరములలో కోతకు వచ్చును. కోసిన పనలు ఆరినపిదప కట్టలు కట్టి, వాన వచ్చినను గింజ తడవకుండునట్లు కుప్ప వేసెడివారు. పిమ్మట తీరిక చూచుకొని కళ్ళమునందు పశువులచే త్రొక్కించి, తూర్పార బట్టి, రాశి పోసెడివారు. రాశి కొలుచునపుడు మొదటి కొలతను 'ఒకటి' యనక 'లాభము' అనుట వాడుక. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. మెట్రిక్ కొలతలు 1958 నుండి క్రమముగా అమలులోనికి వచ్చినను, నా చిన్ననాటికి కూడ పెద్దలు పుట్లలోనే లెక్కించుచుండిరి. బడిలో నేర్చిన ఎక్కములకు పిల్లలకు కళ్ళమే పరీక్షా స్థలము.

ఆ రాశి ఒక్క యింటిది కాదు. కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి ఇయ్యవలసిన మేర కళ్ళములోనే కొలిచెడివారు. కోసిన చేలలో రాలిన వెన్నులు ఏరుకొను హక్కు పేదలదియు, పిల్లలదియు. ఆ పరిగతో పిల్లలు జీళ్ళు, పప్పుండలు కొనుక్కొనుచుండిరి. రాత్రులు కుప్పలకడ కావలికి పోవు తాతగారి వెంట వెళ్ళి, గడ్డిలో పండుకొని కథలు వినుట మా యింటి పిల్లలకు పెద్ద పండుగ.

కోతలకు ముందు వచ్చు కార్తీక మాసమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు జరిగెడివి. వంటపాత్రలతో, పిల్లలతో బండ్లు తెల్లవారకముందే కదలుచుండెను. దసరా నాళ్ళలో పంతులుగారు పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికి వచ్చుటయు, గృహస్థులు పంతులుగారికి దక్షిణయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చుటయు మా తాతగారి తరము వారు తరచు చెప్పెడి ముచ్చట. బడి గ్రామముమీద ఆధారపడి యున్నదని నాడు ఎవ్వరును వేరుగా చెప్పవలసిన పని లేకుండెను.

ఇంతవరకు చెప్పినది తీపి జ్ఞాపకము. దానికి రెండవ వైపు కూడ కలదు.

మా మేనత్తగారు రెండవ తరగతి చదువుచుండగా ఒక యేటి సార్వా కోతలలో బడి మానిరి. ఇంట చంటిబిడ్డ యుండెను. తల్లి చేనికి పోవలెను. బిడ్డను చూచుటకు వేరొకరు లేరు. కోతలు ముగిసెను, నూర్పులు ముగిసెను, సంక్రాంతి గడచెను. ఆమె మరల బడి గడప త్రొక్కలేదు. ఆ చంటిబిడ్డయే మా తండ్రిగారు. ఆయన చదువుకొని ఉద్యోగము చేసిరి. పుట్లు, తూములు నోటిలెక్కతో తప్పులేకుండ తేల్చెడి మా మేనత్తగారు బ్యాంకు కాగితముపై నేటికిని వ్రేలిముద్రయే వేయుదురు. మా యింట అందరును ఈ సంగతిని నవ్వుచు చెప్పుకొందురు. ఆమె మాత్రము నవ్వరు.

ఇట్టి మేనత్తలు, పెద్దమ్మలు మీ యిండ్లలోను ఉందురు. కోతలనాడు పది దినములని ఆగిన చదువు జీవితమంతయు ఆగిపోవుట కొత్త కథ కాదు. నేడు చట్టము మన పక్షమున నున్నది. ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల వరకు ప్రతి బిడ్డకును నిర్బంధ ఉచిత విద్య హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. బాలకార్మిక చట్టమునకు 2016లో వచ్చిన సవరణ ప్రకారము, పదునాలుగేండ్ల లోపు బిడ్డ తన కుటుంబమునకు, అపాయము లేని పనులలో, బడి వేళల తరువాత గాని సెలవులలో గాని మాత్రమే తోడ్పడవచ్చును. అనగా బిడ్డ కళ్ళమునకు రావచ్చును, కాని బడిని విడిచి రాకూడదు. చంటిబిడ్డల సంరక్షణకు తోడ్పడు అంగన్వాడీ వ్యవస్థ 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. మా మేనత్తగారి నాటికి అది లేదు. నేడున్నది. కోతల వేళ తల్లులు చేనికి పోవు సమయమునకు ఆ కేంద్రము పిల్లలకు అందుబాటులో నున్నదా యని విచారింపవలసినది మీరే.

కళ్ళమును గూర్చి కూడ ఒక మాట. నేడు కోతయంత్రము కొన్ని గంటలలో చేనిని కోసి నూర్చి ఇచ్చుచున్నది. కాని ఆ ధాన్యము పచ్చిగా వచ్చును. మద్దతు ధరకు కొనుటకు తేమ నూటికి 17 పాళ్ళు మించరాదు. ఆరబెట్టుటకు చోటు లేక రైతులు రహదారులపై ధాన్యము పోయుచున్నారు. దానివలన చీకటివేళ ప్రమాదములు జరుగుచున్నవి. ఒకనాడు గ్రామమందరికిని కళ్ళపు స్థలములుండెడివి. మీ గ్రామమున అవి ఎన్ని మిగిలినవో, ఎవరి స్వాధీనమున నున్నవో రెవెన్యూ దస్త్రములు తీసి చూడుడు. పెద్దలనడిగినచో హద్దులు కూడ చెప్పగలరు. ఇచ్చట కుటుంబ జ్ఞాపకమే మీకు సాక్ష్యము.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ప్రాథమిక విద్యయు, గ్రంథాలయములును, సాంస్కృతిక కార్యక్రమములును ఉన్నవి. కావున నా మనవులు మూడు. కోతలకు ముందే గ్రామసభలో బడి హాజరును చర్చించి, ఏ యింట ఏ బిడ్డ బడి మానునో ముందుగా గుర్తింపుడు. కార్తీక వనభోజనములు కొన్నిచోట్ల కులములవారీగా జరుగుచున్నవి. మీ గ్రామమున ఊరందరును ఒక్క పంక్తిని కూర్చుండునట్లు చూడుడు. సంక్రాంతి సెలవులలో పిల్లలచేత తమ తాతలను, అమ్మమ్మలను అడిగించి, వారు చెప్పిన కోతల, బడుల ముచ్చటలు వ్రాయించి గ్రంథాలయమున భద్రపరపుడు.

చదువు మానిన వారి మాటలను చదువుకొన్న పిల్లలు వ్రాయుదురు గాక. కోతలకు వెళ్ళిన బిడ్డ మరునాడు బడిలో కనబడిన గ్రామమే ముందుకు పోవు గ్రామము. ఆ హాజరు పట్టీని అప్పుడప్పుడు మీ కన్నులతో చూడవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.

జైహింద్.