పదో తరగతి బిడ్డకు భాగహారం

(పాతబస్తీలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సభలో ఎక్కాల ముచ్చట ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. రిజర్వేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడగల సమర్థులు ఈ వేదికపై ఉన్నారు. నేను ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. నేను కళ్ళారా చూసిన అన్యాయం, వెనుక బల్లపై నోరు విప్పకుండా కూర్చునే తొమ్మిదో తరగతి బిడ్డకు జరిగేది. ఆ బిడ్డ ముందు మనం బహుపదులు, త్రికోణమితి పరుస్తాం. 618ని 6తో భాగించడం మాత్రం ఆ బిడ్డకు రాదు.

ఒకనాడు ఆ లెక్కనే బోర్డుపై వేశాను. ఒక అబ్బాయి 13 అని రాశాడు. "బేటా, ఆరుగురు పనివాళ్ళకు 618 రూపాయలు పంచితే ఒక్కొక్కరికి ఎంత?" అని అడిగాను. కాగితం వైపు చూడకుండానే "నూట మూడు, సాబ్" అన్నాడు. కార్ఖానాలో వారం వారం కూలి డబ్బు పంచేది అతడేనట! మరి 13 ఎలా వచ్చింది? ఆరు ఒకసారి పోయింది. తర్వాతి ఒకటిలో ఆరు పోదు కనుక దాని పక్కకు ఎనిమిదిని దించుకుని 18 చేశాడు, మూడు రాశాడు. పోనిచోట సున్నా పెట్టాలని అతనికెవరూ చెప్పలేదో, చెప్పినా ఎందుకో చెప్పలేదో. ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, ఎనిమిది రూపాయి బిళ్ళలు బల్లపై పెట్టాను. వందలు తలా ఒకటి. పది నోటు ఒక్కటే, ఆరుగురికి పంచలేం. పదుల స్థానంలో ఎవరికీ ఏమీ రాలేదు, ఆ ఖాళీయే సున్నా. ఆ నోటును చిల్లర మారిస్తే 18 బిళ్ళలు, తలా మూడు. పది నిమిషాల పని అది. ఆ పది నిమిషాలు అతనికి అయిదేళ్ళుగా ఎవరూ ఇవ్వలేదు.

రెండో ఉదంతం నన్ను సిగ్గుపడేలా చేసింది. 2.8, 2.10లలో ఏది పెద్దదని అడిగితే ఒక అమ్మాయి 2.10 అని రాసింది. నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. ఆమె తల్లి ఇంట్లో లక్క గాజులకు రాళ్ళు అతికించి లాడ్‌బజారుకు పంపేది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ హైదరాబాదు గాజులే. గాజుల కొలతలో అంగుళానికి 16 భాగాలు. "దో ఆఠ్" అంటే రెండంగుళాలపై 16లో 8 వంతులు, అంటే రెండున్నర. "దో దస్" అంతకంటే పెద్దది. ఆ పిల్ల ఇంట్లో 2.10 నిజంగానే పెద్ద గాజు! బడిలో అంగుళాన్ని పది ముక్కలు చేస్తారు, ఇంట్లో పదహారు చేస్తారు అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాట నాకు మరుసటి ఏడాదికి గాని తట్టలేదు.

ఇది మన పిల్లల ప్రత్యేకత కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో ప్రచురించారు. బేరంలో నోటిలెక్కలు చకచకా చేసే పిల్లలు అవే లెక్కలు బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలకేమో బజారు లెక్కలు రాలేదు. 2023 నాటి అసర్ సర్వేలో 14–18 ఏళ్ళ గ్రామీణ యువతలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43.3 శాతమే. కనుక "మనవాళ్ళకు లెక్కలు రావు" అనే మాటను దయచేసి మన ఇళ్ళలోనైనా మానుకుందాం.

చట్టం ఏమంటున్నది? 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ప్రతి బిడ్డ అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన చేయడం ఉపాధ్యాయుని విధి. ఆ చట్టం రక్షణ 14 ఏళ్ళతో ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో అత్యధికులు దాని గీత దాటినవారే. పైగా 2014లో ప్రమతి కేసు తీర్పు మైనారిటీ విద్యాసంస్థలను ఆ చట్టం నుండి మినహాయించింది. ఆ మినహాయింపును మనం హక్కుగా అడిగాం, పొందాం. మరి మన యాజమాన్యాలు ఆ అదనపు బోధనను స్వచ్ఛందంగా ఎన్ని బడులలో చేపట్టాయి? ఈ ప్రశ్న ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్నల కంటే చేదుగా ఉంటుంది. అయినా అడగాలి.

మన సభల్లో అల్ ఖ్వారిజ్మీ పేరు గర్వంగా తలుస్తాం. తొమ్మిదో శతాబ్దపు ఆ పండితుడు తన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగాన్ని వారసత్వ పంపకాలకే కేటాయించాడు. ఒకరు భార్యను, ఒక కొడుకును, ఒక కూతురిని మాత్రమే విడిచి చనిపోయారనుకోండి; అప్పులన్నీ తీరాక 4,80,000 రూపాయలు మిగిలింది. భార్యకు ఎనిమిదో వంతు, 60,000. మిగతా 4,20,000లో కొడుకుకు రెండు వాటాలు, కూతురికి ఒకటి: 2,80,000, 1,40,000. ఈ లెక్క తానే చేసుకోలేని ఆడపిల్ల తన వాటా కోసం అన్న చెప్పే మాటను నమ్మవలసిందే. అన్న మంచివాడైతే సరే!

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రోజూ మొదటి పీరియడులో అరగంట, తరగతితో నిమిత్తం లేకుండా, ఏ లెక్క రాదో ఆ లెక్క వద్ద పిల్లలను కూర్చోబెట్టాలి. పదో తరగతి విద్యార్థి ఆరో తరగతి పిల్లల పక్కన కూర్చోడు, సిగ్గుపడతాడు. వారికి వేరే గది ఇవ్వాలి. అయిదో తరగతి వరకు ఉర్దూలో తక్సీమ్ నేర్చి, ఆరులో ఇంగ్లీషు మీడియంకు వచ్చిన బిడ్డకు డివిజన్ అంటే అదేనని చెప్పడానికి ఒక్క రోజు కేటాయించాలి. పావు, సవ్వా, డేఢ్, ఢాయీ తెలిసిన బిడ్డకు భిన్నాలు కొత్తవి కావు. వాటిని రాయడమే కొత్త.

బయట బల్లమీద అయిదు లెక్కల కాగితాలు పెట్టించాను. తలా ఒకటి తీసుకువెళ్ళి, మీ ఇంట్లో హైస్కూలు చదివే బిడ్డతో చేయించండి. జవాబు తప్పయితే కోప్పడకుండా, ఎలా చేశావని అడిగి, ఆ బిడ్డ చెప్పిన మాటను చెప్పినట్టే కాగితం వెనుక రాయండి. వచ్చే ఆదివారం వాటిని తీసుకురండి, నేను ఇక్కడే ఉంటాను.