పల్నాట ఒకనాటి సెలవు

సెలవుదినము సమీపించినంతనే ఎక్కడికి పోవుదుమను ప్రశ్న ప్రతి యింటను పుట్టును. కొండలపై చల్లని పట్టణములును, సముద్రతీరములును మనస్సున మెదలును. దూరమును, వ్యయమును లెక్కించిన పిదప పెక్కుమంది ఇల్లు కదలకయే ఉండిపోవుదురు. నరసరావుపేట ప్రాంతమున నివసించు మాబోటి కుటుంబములకు అంత ప్రయాస అక్కరలేదు. ఉదయమున బయలుదేరి రాత్రి భోజనమునకు ఇల్లు చేరగల దూరములోనే కారెంపూడి, దుర్గి, మాచర్ల, ఎత్తిపోతల ఉన్నవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లా అయి, నరసరావుపేట దానికి కేంద్రమైనది. జిల్లా క్రొత్తదే కాని పేరు మిక్కిలి పాతది. ఆ పేరు వెనుకనున్న కథను పిల్లలకు చూపవలెనని, సంక్రాంతి వెళ్లిన పిదప ఒక ఆదివారమున మేము అద్దెకారులో బయలుదేరితిమి.

ప్రయాణమున మొదటి ఏర్పాటు భోజనము కదా! పులిహోర, పెరుగన్నము అందరును కట్టించుకొనునవే. వానితోబాటు పిల్లల నాయనమ్మగారు పట్టుపట్టి జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, పండుమిరపకాయల పచ్చడి సిద్ధము చేసిరి. పల్నాటి తిండి యనగా ఒకప్పుడు జొన్నయే. శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులలో ఈ సీమ జొన్నకూటిని గూర్చిన ఎత్తిపొడుపు మనమందరము విన్నదే. వరియన్నమునకు అలవాటుపడిన కవికి అది రుచింపకపోవచ్చును. కాని వానను నమ్ముకొన్న నేలలో జనులను బ్రతికించినది ఆ జొన్నయే.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు పారినచోట్ల వరి వచ్చెను; పళ్లెములోని అన్నము రంగు మారెను. మేము పోవునప్పుడు దారికి ఇరుప్రక్కల మిరపకల్లములు ఎఱ్ఱని తివాచీలు పరచినట్లుండెను. ఆ ఘాటునకు కారులోనివారందరును తుమ్మనారంభించిరి.

కారెంపూడి చేరునప్పటికి ఎండ చుఱుక్కుమనుచుండెను. నాగులేటి ఒడ్డున నున్న ఈ ఊరే పల్నాటి యుద్ధమునకు రణరంగము. పండ్రెండవ శతాబ్దమున గురజాలను నలగామరాజు, మాచర్లను మలిదేవరాజు ఏలిరి. ఒకరికి నాయకురాలు నాగమ్మ, మరియొకరికి బ్రహ్మనాయుడు అండయైరి. కోడిపందెమున ఓడి మలిదేవుడు రాజ్యము విడువవలసివచ్చెను. గడువు తీరిన పిదప రాయబారము నడపిన అలరాజు ప్రాణములు కోల్పోయెను. తుదకు అన్నదమ్ములు కారెంపూడిలో కత్తులు దూసికొనిరి. ఈ కథను వీరవిద్యావంతులు తరతరములుగా గానము చేయుచున్నారు.

వీరుల గుడిలో పిల్లలను ఆకర్షించినవి వీరుల ఆయుధములు. కాని మేము వారికి చెప్పదలచినది కత్తుల మాట కాదు, కూటి మాట. బ్రహ్మనాయుడు కులభేదమెంచక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని, మాలకులమున పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనకు నాయకుని చేసెనని కథ చెప్పును. ఆ పంక్తిభోజనమునకే చాపకూడని పేరు. నేటికిని కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు ఇచ్చట వీరుల ఉత్సవములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని వానికి పేర్లు. మందపోరునాడు చాపకూడు నడచును.

ఊరు దాటిన పిదప ఒక వేపచెట్టు నీడను చాప పరచితిమి. విస్తళ్లు వేయుచుండగా, కారు నడుపు అబ్బాయి తన అన్నపు డబ్బా తీసికొని అల్లంత దూరముననున్న రాతిమీద కూర్చుండెను. నాయనమ్మగారు అది చూచి పిలిచిరి.

"అబ్బాయీ, అక్కడెందుకు? చాప పెద్దదే, ఇటు రా నాయనా."

"పర్వాలేదమ్మగారూ, మీరు కానివ్వండి."

"ఇప్పుడేగా గుడిలో చాపకూడు కథ చెప్పుకున్నాం! నువ్వు అక్కడ కూర్చుని తింటే ఈ పిల్లలకు ఆ కథ ఏం తలకెక్కుతుంది?"

అతడు నవ్వుచు వచ్చి మొదట చాప అంచున కూర్చుండెను. అతని డబ్బాలోని చింతకాయ పచ్చడిని పిల్లలు రుచి చూచి మరల అడిగిరి. జొన్నరొట్టె చేతికందగానే అతడు, "మా అమ్మమ్మ చేసేదండీ ఇలా. ఆమె పోయాక మళ్లీ తినలేదు" అనెను. రెండవ రొట్టె వేళకు చాప నడుమకు జరిగినాడు. ఎనిమిది వందల యేండ్లు దాటిన కథ పిల్లలకు ఆ క్షణమున బోధపడినట్లు గుడిలో బోధపడలేదు.

పిదప దుర్గి. ఇచ్చటి రాతిశిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మూడు, నాలుగు శతాబ్దములనాటి ఇక్ష్వాకుల శిల్పులు నాగార్జునకొండలో మలచినది ఈ పల్నాటి సున్నపురాతినే. ఆ లోయను 1954 నుండి 1960 వరకు త్రవ్వి, జలాశయమున మునుగకముందే శిల్పములను పైకి చేర్చిరి. అది చూచుటకు ప్రత్యేకముగా ఒక దినము కావలెను గనుక దానిని మరియొక సెలవునకు మిగిల్చితిమి. దుర్గిలో పిల్లలు ఒక చిన్న నందిని కోరిరి. చిన్నవాడు శిల్పిని, "ఇది చెయ్యటానికి ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగెను. "మూడు రోజులు బాబూ" అని జవాబు వచ్చెను. వెల అడుగుటకు ముందు ఆ ప్రశ్న అడిగినచో, బేరమాడవలెనను ఉత్సాహము తనంతట తానే తగ్గును. వస్తువుతోబాటు దానిని చేసిన చేతులను గూడ ఇంటికి తెచ్చుకొన్నట్లగును.

మాచర్ల చంద్రవంక ఒడ్డున నున్నది. అచ్చటి లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయమున చెక్కడపు స్తంభములను నిదానముగా చూడవలెను. ఊరు దాటిన పిదప ఆ చంద్రవంకయే ఎత్తిపోతలలో సుమారు డెబ్బది అడుగుల ఎత్తునుండి దుమికి, ముందునకు సాగి కృష్ణలో కలియును. పొద్దు వాలు వేళ అచ్చట నిలిచినచో మాటలాడ బుద్ధిపుట్టదు. పిల్లలుగలవారికి ఒక హెచ్చరిక: క్రింది మడుగున మొసళ్లు కలవు, నీటిలోనికి దిగరాదు.

శ్రోతలారా, విహారమనగా చూచిన స్థలముల పట్టిక కాదు. పల్నాడు మనకు యుద్ధమువలన జ్ఞాపకమున్నది. చాపకూటివలన జ్ఞాపకముండుట మరింత మేలు. యుద్ధమున గెలిచినదెవరని వాదించుకొనువారు నేటికిని కలరు. కాని ఆ చాపపై కూర్చున్నవారిలో ఓడినవారు లేరు. ఆ చాప పరచుటకు రాజ్యము అక్కరలేదు. ఇంటి పెద్దల పిలుపొకటి చాలును. వంటయింట పనిచేయు ఆమెను, బండి నడుపువానిని, పొరుగింటి బిడ్డలను మన పంక్తికి పిలువగలిగిననాడు, ఏ ఊరి చెట్టునీడయైనను కారెంపూడియే. ఈసారి మీరు పల్నాటికి బయలుదేరునప్పుడు జొన్నరొట్టెలు మరువకుడు. చాప మాత్రము మీ కుటుంబమునకు సరిపడు దానికన్న కొంచెము పెద్దది తీసికొనిపొండు.