ఉమ్మి చెప్పిన సాక్ష్యం



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో ఫిజియోథెరపీవాళ్లు, బయోటెక్నాలజీవాళ్లు ఎక్కువమంది ఉన్నారని విన్నాను. అందుకే ఉమ్మి గురించి మాట్లాడదామని వచ్చాను. పట్టుబట్టలు కట్టుకొచ్చిన రోజున ఇదేం ప్రస్తావనని పెద్దలు ముఖం చిట్లిస్తే క్షమించాలి.

2019 ఆగస్టు, లార్డ్స్ మైదానం. ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ బౌన్సర్ ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. 80 పరుగుల దగ్గర కుప్పకూలాడు. లోపలికి తీసుకెళ్లి పరీక్షించారు, ఫర్వాలేదన్నారు. మళ్లీ వచ్చి 92 దాకా ఆడాడు. తెల్లారేసరికి తలనొప్పి, మగత. ఆయన బదులు మార్నస్ లబుషేన్ బరిలోకి దిగాడు. టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్, అంటే దెబ్బకు మెదడు అదిరిన ఆటగాడి బదులు దిగేవాడు, అతనే. వైద్యులది తప్పని నేననను. కంకషన్ తీరే అంత. స్కానింగులో చాలాసార్లు ఏమీ కనబడదు, లక్షణాలు ఒక్కోసారి గంటల తర్వాత గానీ బయటపడవు. పోనీ ఆటగాణ్ణే అడుగుదామంటే, కళ్లు బైర్లు కమ్ముతున్నా ‘బాగానే ఉన్నా’నంటాడు. జట్టులో చోటు పోతుందని అతని భయం.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఆంటోనియో బెల్లీ, వాలెంటీనా డి పియెత్రోల బృందం ఈ చిక్కునే పట్టుకుంది. ఇంగ్లండ్ ప్రొఫెషనల్ రగ్బీలో పై రెండు అంచెల ఆటగాళ్లు 1,028 మంది, 2017 నుంచి 2019 దాకా రెండు సీజన్లు. తలకు దెబ్బ తగిలినవాళ్ల ఉమ్మిని ఆట మధ్యలో, ఆట అయ్యాక, మళ్లీ 36 నుంచి 48 గంటలకు సేకరించారు. నాకు బాగా నచ్చింది వాళ్లు పోల్చి చూసిన పద్ధతి. ఏ దెబ్బా తగలనివాళ్లతోనే సరిపెట్టుకోకుండా, కాలో చెయ్యో దెబ్బతిన్నవాళ్లతోనూ పోల్చారు. లేదంటే కండరం నొప్పిని చూసి మెదడు గాయమనుకునే ప్రమాదముంది. చివరికి కంకషన్‌ను గుర్తుపట్టే 14 చిన్న ఆర్‌ఎన్‌ఏల గుంపు తేలింది. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆటగాడి నోరు దాచినదాన్ని ఆ నోట్లోని తడే చెప్పేసిందన్నమాట.

అయితే ఉమ్మి ల్యాబుకు వెళ్లాలి, ఫలితం రావాలి. ఈలోగా కోచ్ తొందరపెడుతుంటాడు, ప్రేక్షకులు అరుస్తుంటారు. ‘ఇవాళ ఇతను ఆడడు’ అని చెప్పాల్సింది ఫిజియో, అంటే రేపు మీలో ఒకరు. 2011లో ఉత్తర ఐర్లాండ్‌లో ఓ 14 ఏళ్ల పిల్లాడు బడి రగ్బీ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలాక కూడా ఆడుతూనే ఉన్నాడు. మళ్లీ దెబ్బలు తగిలి చనిపోయాడు.

ఇక బయోటెక్నాలజీవాళ్లకు ఒక మాట. ఆ 1,028 మందీ మగవాళ్లే, ఆటే జీవనంగా ఉన్నవాళ్లే. మన ఊళ్ల కబడ్డీ కోర్టుల్లో తలలు ఢీకొట్టుకునే ఆడపిల్లల ఉమ్మిలో అవే 14 కనబడతాయో లేదో ఆ పరిశోధన చెప్పలేదు. పీహెచ్‌డీకి అంశం వెతుక్కుంటున్నవాళ్లెవరైనా ఉంటే భోజనాల దగ్గర నన్ను కలవండి.