గృహమునకు పీఠశుద్ధి
(జీర్ణోద్ధరణ కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



దేవాలయ జీర్ణోద్ధరణ అనగానే మన దృష్టి శిఖరము మీదికి, కలశము మీదికి పోవుట సహజము. కాని ఆగమ శాస్త్రము పనిని క్రిందినుండి ఆరంభిస్తుంది. భూపరీక్ష, కర్షణము, శల్యోద్ధారము జరిగిన పిమ్మటనే ప్రథమేష్టకాన్యాసము. భూమిలో ఎముకలు, బొగ్గులు, కుళ్ళిన కట్టెలు వంటి శల్యములు ఉండరాదని, వాటిని తీసివేసి ఆ స్థలమును శుద్ధమైన మట్టితో, ఇసుకతో నింపవలెనని పెద్దలు విధించారు. ఈ న్యాయము దేవునికి కట్టే ఇంటికే కాదు, మనము నివసించే ఇంటికి కూడ వర్తిస్తుంది.

మన ఊళ్ళలో పునాదుల నడుమ మట్టి నింపి, దిమ్మిస కొట్టి, దానిపై గచ్చు చేస్తాము. ఈ నార్త్ కరోలినాలో అనేక గృహములకు నేలకు, పైనున్న కొయ్య అంతస్తుకు నడుమ రెండు మూడు అడుగుల చీకటి జాగా విడుస్తారు. దానినే క్రాల్ స్పేస్ అంటారు. గృహప్రవేశములకు, వ్రతములకు వెళ్ళినప్పుడు కొన్ని ఇళ్ళలో అగరువత్తుల పరిమళము మాటున ముక్కవాసన తగలడము కద్దు. గృహస్థులు కార్పెట్టును అనుమానిస్తారు. మూలము చాలాసార్లు దాని అడుగున, ఎవరూ చూడని ఆ జాగాలో ఉంటుంది.

తడి నేల నిరంతరము ఆవిరిని విడుస్తూనే ఉంటుంది. ఇంటిలోని వెచ్చని గాలి పైకెక్కి వెలుపలికి పోయినప్పుడు, ఆ లోటును పూరించుటకు క్రింది గాలి సందుల గుండా పైకి వస్తుంది. కనుక అడుగున ఉన్న గాలిలో కొంత భాగము మన పసిబిడ్డలు, స్వదేశము నుండి వచ్చిన మన తల్లిదండ్రులు పీల్చే గాలియే. దూలములలో తేమ 20 శాతము దాటి నిలిచితే బూజుకు అవకాశము. 30 శాతము దరికి చేరి అట్లే ఉంటే కొయ్య కుళ్ళుట ఆరంభమవుతుంది.

గోడలలోని గాలి కంతలు తెరిచి ఉంచితే తడి ఆరిపోతుందని పూర్వము భావించారు. ఈ ప్రాంతపు వేసవిలో జరిగేది అందుకు విరుద్ధము. వెలుపలి గాలి 32 డిగ్రీల సెల్సియస్ వేడిమితో, 60 శాతము ఆర్ద్రతతో ఉన్నదనుకొనండి. అది సుమారు 23 డిగ్రీలకు చల్లబడగానే నీటి బిందువులను విడుస్తుంది. ఏసీ చేత చల్లబడిన గొట్టములు, దూలములు అంతకంటె చల్లగా ఉంటాయి. చల్లని చెంబుకు చెమట పట్టినట్లు వాటికి నీరు పడుతుంది.

ఈ రాష్ట్రములోనే ప్రిన్స్‌విల్ అనే ఊరు 1999లో ఫ్లాయిడ్ తుఫాను వరదలలో మునిగింది. పిదప అక్కడ కట్టిన 12 ఇళ్ళను అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే సంస్థ పరిశీలించింది. కంతలు మూసి, నేలను, గోడలను సరిగా కప్పిన క్రాల్ స్పేసులు పొడిగా ఉండుటయే గాక, శీతోష్ణములకు అయ్యే శక్తి వ్యయము సగటున 15 శాతము లేదా అంతకు మించి తగ్గినది.

ఇక చేయవలసిన క్రమము వినండి. శాంతికర్మలో వలె ఇందులోను క్రమము తప్పరాదు.

మొదటిది జలనివారణ. గట్టర్ల నీరు పునాదికి దూరముగా పోవలెను. ఇంటి చుట్టూ నేల మొదటి 10 అడుగులలో కనీసము 6 అంగుళాలు వాలుగా ఉండవలెను. లోపల నీరు ఊరుతుంటే కాలువ, సంప్ పంపు అమర్చవలెను. నిలిచిన నీటిపై పొర పరచుట పుండును మాన్పక కట్టు కట్టుట వంటిది.

రెండవది శల్యోద్ధారము. కొయ్య తునకలు, అట్టముక్కలు, పదునైన రాళ్ళు ఏరివేయవలెను. కుళ్ళిన దూలములను ముందుగానే బాగుచేయించవలెను.

మూడవది ఆస్తరణము. పాలిథీన్ పొర మందము 6 మిల్లులకు తగ్గరాదు. మనుష్యులు ప్రాకి పనిచేసే చోట 12 నుండి 20 మిల్లుల గట్టి పొర మేలు. అతుకుల వద్ద ఒకదానిపై ఒకటి కనీసము 6 అంగుళాలు ఎక్కవలెను; 12 అయితే మరింత క్షేమము. అతుకులను పాలిథీనుకు తగిన టేపుతోనే అంటించవలెను. సామాన్యమైన గుడ్డ టేపు కొంతకాలమునకు ఊడిపోతుంది. ప్రతి స్తంభము చుట్టూ పొరను పైకి మడిచి బిగించవలెను. గోడపైకి ఎక్కించి పట్టీలతో బిగించేటప్పుడు, చెదల పరీక్ష కొరకు పైభాగమున 3 అంగుళాలు కనిపించేలా విడువవలెను.

నాలుగవది బంధనము. పొర పరచిన తరువాతనే కంతలు మూయవలెను. నేలను కప్పక కంతలు మూసితే తేమను ఇంట బంధించినట్లే. డ్రయ్యర్ గొట్టము వెలుపలికే పోవలెను. అక్కడ గ్యాసు ఫర్నేసు గాని, వాటర్ హీటరు గాని ఉంటే నిపుణుని అనుమతి లేనిదే మూయరాదు, విషవాయువు ప్రాణాపాయకరము. మూసిన పిదప రేడాన్ పరీక్ష కూడ చేయించండి.

ఐదవది రక్షణము. డీహ్యుమిడిఫయర్ గాని, ఏసీ నుండి కొద్దిపాటి పొడిగాలి గాని ఏర్పరచి, తేమ కొలిచే చిన్న యంత్రమును అక్కడ ఉంచండి. ఆర్ద్రత 60 శాతమునకు లోపుగా ఉండవలెను. ఏటా రెండుమార్లు దీపము పట్టుకొని చూడండి.

కాంట్రాక్టరు వచ్చినప్పుడు ధర అడుగుటకు ముందు, "నీరు ఎక్కడనుండి వస్తున్నది?" అని అడగండి. దానికి ఉత్తరము చెప్పక పొర చుట్టను మాత్రమే చూపించేవానికి పని అప్పగించకండి.

దాతలారా! గోపురమునకు ఇచ్చిన ద్రవ్యము అందరి కంటికి కనిపిస్తుంది. పీఠము క్రింద, పునాది క్రింద వెచ్చించినది ఎవరి కంటికీ కనిపించదు. అయినను మూర్తిని నిలిపేది అదే. ఆలయము విషయమున మీరు చూపిన ఈ వివేకమును మీ గృహముల విషయమునను చూపి, ఆయురారోగ్యములతో వర్ధిల్లుదురు గాక అని ఆశీర్వదిస్తున్నాను.

శుభం భూయాత్.