నీళ్లు మనవి, తాళం వాళ్లది

(కడప జిల్లాలో గ్రామ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



తుమ్మలపల్లె యురేనియం సంగతి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2012లో ఆడ మిల్లు నడవడం మొదలైంది. వ్యర్థాల చెరువు పక్క ఊళ్ల రైతులు మా బోర్లు చెడిపోయినాయని మొత్తుకున్నారు. సైంటిస్టులు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయినారు. వ్యాసాలు రాసినారు. విదేశీ పత్రికల్లో అచ్చయినాయి.

మా వాడ పిల్లోడొకడు ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదువుతున్నాడు. అట్లాంటి వ్యాసమొకటి సెల్లులో తెరవబోయినాడు. పేరు కనపడింది, పది వరసలు కనపడినాయి, ఆపైన తాళం! తెరవాలంటే మూడు వేల పైన కట్టమంది. వాళ్లమ్మ పది రోజులు కూలికి పోవాల.

ఈ యాపారం చూడండి. రాసినోళ్లకు పత్రిక పైసా ఇయ్యదు. తప్పొప్పులు దిద్దే పండితులకూ మామూలుగా ఇయ్యదు. పరిశోధన ఖర్చు చాలాసార్లు ప్రభుత్వానిది, అంటే సబ్బుబిళ్ల మీద కూడా పన్ను కట్టే మనది. సొమ్ము చేసుకునేది మాత్రం నెదర్లాండ్స్ ఎల్సెవియర్, జర్మనీ స్ప్రింగర్ లాంటి కంపెనీలు. అదైనా అమ్మకమా? లైసెన్సు. అంటే బాడుగ. చాలాసార్లు కట్టినన్నాళ్లే చదువు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకానికి ఒప్పుకుంది. 30 ప్రచురణ సంస్థలు, 13,000 దాకా పత్రికలు, 2025 నుంచి మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం లాంటి ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్ల కోసం ఇది. మంచిదే, కాదనం. మరి ఫీజు రీయింబర్సుమెంటు మీద ప్రైవేటు కాలేజీల్లో చేరిన మన పిల్లలో? మొదటి దశ లెక్కలో వాళ్లు లేరు. ఆ నీళ్లు తాగే కూలీ అసలే లేడు. మన తాతలు తవ్విన బావి కాడ మన తాతలే దోసిలి పట్టి నిలబడినారు, పైనుంచి ఎవరో పోస్తే తాగినారు. ఇదీ అట్లనే ఉంది.

ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. 1960 గ్రంథాలయ చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు కడుతున్నాం. కాబట్టి కడప, కర్నూలు జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో ఒక్కో కంప్యూటరుకైనా ఈ తాళం తీయాలని అడుగుదాం. కలెక్టరుకు ఇచ్చే అర్జీ రాసి పెట్టినాం, సంతకాలు చేసి పోండి.

అన్నట్టు, రాసినాయనకే నేరుగా ఉత్తరం రాస్తే చాలామంది వ్యాసం పంపిస్తారు. మా పిల్లోడు రాసినాడు, ఐదో రోజుకు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. వచ్చే ఆదివారం బడి కాడ కూర్చుని తెలుగులో చెప్పుకుందాం. మీ బోరు ఎన్ని అడుగులో తెలిసినోళ్లు తప్పక రాండి.