సలహాలు అమ్ముకునే ఉద్యోగం

ఒమాన్‌లోని బహ్లా నుంచి మాట్లాడుతున్నాను. మేముండేది మస్కట్‌లో, పనిమీద నెలకోసారి ఇక్కడికి వస్తుంటాను.

"మీ ఆయన ఏం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే మా ఆవిడ ఇబ్బంది పడుతుంది. స్వతంత్ర మార్కెటింగ్ స్ట్రాటజీ కన్సల్టెంట్ అంటే అవతలివాళ్ళకి బోధపడదు. అందుకని "సలహాలు అమ్ముతారు" అని ఊరుకుంటుంది. మా తెనాలిలో టీ కొట్టు దగ్గర ఊరికే దొరికే సరుకు మరి!

బీఎస్సీ అయ్యాక 1994లో మెడికల్ రెప్‌గా చేరాను. డాక్టరుగారి గది బయట గంటల తరబడి కూర్చోవడం, ఆ తర్వాత మందుల షాపులో ఓ పక్కన నిలబడి ఏ మందు కదులుతోందో, ఏది అటకెక్కిందో చూడటం. రాత్రిళ్ళు ఎంబీఏ పాఠాలు. 2003లో మస్కట్ వచ్చి ఆహార పదార్థాలు పంపిణీ చేసే సంస్థలో చేరాను. మేనేజరునయ్యాను, కారొచ్చింది, షాపుల్లో నిలబడటం మానేశాను.

2020లో కోవిడ్ దెబ్బకి ఉద్యోగం పోయింది. అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. మా అమ్మకి మూడు నెలలపాటు చెప్పనేలేదు. పాత యజమాని అభ్యంతరం లేదని రాసిస్తే తప్ప వేరేచోట చేరడం కష్టమనే నిబంధనని 2021 జనవరిలో ఇక్కడ ఎత్తేశారు. కానీ యాభై ఏళ్ళ వాడికి ఉద్యోగమెవరిస్తారు? అలా సొంతంగా మొదలుపెట్టాను.

కాగితాలన్నీ సరిచేసుకున్నాక మొదట పిలిచింది బహ్లాలో కుండల దుకాణం పెద్దాయన. ఈ ఊరు కుమ్మరి పనికి పేరుమోసింది. ఇక్కడి మట్టికోటని 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడే ప్రమాదంలో ఉన్నవాటిలో పెట్టి, మరమ్మతులు సాగాక 2004లో అందులోంచి తీసేసింది. సందర్శకులకి 2012లో తెరిచారు. పెద్దాయన ఆశంతా ఆ సందర్శకుల మీదే. రోడ్డు మీద పెద్ద బోర్డు, రంగుల కేటలాగు కావాలన్నాడు. ఆ పని తెచ్చిపెడితే నాకు కమీషన్ ఇస్తామని ప్రకటనల వాళ్ళు అప్పటికే చెప్పారు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజులు, తీసుకుందామనే అనిపించింది.

మూడు రోజులు అడిగి ఆ దుకాణంలో కూర్చున్నాను. సందర్శకులు పెద్ద కూజాని తట్టి చూసి, మురిసిపోయి, మళ్ళీ అక్కడే పెట్టేస్తున్నారు. విమానంలో ఎలా తీసుకెళ్తారు పాపం! కొంటున్నది చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు, మన సాంబ్రాణిలా లుబాన్ ధూపం వేసుకునే మబ్ఖరాలు. అవేమో లోపల మూల చీకట్లో ఉన్నాయి.

బోర్డు వద్దు, మబ్ఖరాలు గుమ్మం దగ్గరికి తెండి, చిన్నవాటికి గట్టి అట్టపెట్టెలు చేయించండి అన్నాను, నాకొచ్చిన అరకొర అరబ్బీలో. "ఇంతేనా? దీనికా నీకు డబ్బులు?" అన్నాడు. మొదటి నెల ఏమీ కదల్లేదు. నాకు నిద్ర లేదు. పండగ ముందు ఆయనే ఫోన్ చేసి పెట్టెలు అయిపోయాయి, ఇంకా ఎక్కడ చేయిస్తారని అడిగాడు.

ఆ ఫీజు మా అమ్మాయి సెమిస్టరుకి సగం కూడా రాలేదు. మిగతాది మా ఆవిడ గాజులు కుదువపెట్టి కట్టాం. 2023లో విడిపించాను. ఉంటానండీ, పెద్దాయన దుకాణానికి వెళ్ళే వేళయింది.