పూర్వపక్షమునకు పీట



ఎవరి స్మృత్యర్థమై ఈ యుపన్యాసము ఏర్పాటైనదో వారి పేరు ఆహ్వానపత్రముపై లేకుండుట మీలో పలువురు గమనించియుందురు. అది అచ్చు వేసినవారి పొరపాటు కాదు. తన పేర శిలాఫలక మేదియు వేయింపరాదనియు, ఏడాది కొక్కసారి ఈ పెంటపాటిలో ఎవరో యొకరు నిలబడి, తన కిష్టము లేని మాటయైనను సరే, వెరపు లేక చెప్పిన చాలుననియు మా మాస్టారు ఇంటివారితో చెప్పిపోయిరి. ఆ మాట నిలుపుటకై నేనును నేడు వారిని మాస్టారనియే పేర్కొందును.

వారు బడిలో లెక్కలు చెప్పెడివారు, పరమ నాస్తికులు. వారి యెదురింటిలో పురాణము చెప్పు శాస్త్రిగా రుండెడివారు. ఎండ తగ్గి గాలి తిరిగిన పిదప శాస్త్రిగారు వీధి దాటి వచ్చి మాస్టారి యరుగుమీద చాపకొసను కూర్చుండెడివారు. మడిగల మనిషి గనుక మంచినీళ్ళ చెంబు తమ యింటినుండియే తెచ్చుకొనెడివారు. మాస్టారు దానికి ముఖము చిట్లించుట నేనెన్నడును చూడలేదు గాని, ఆ ఇత్తడిచెంబును గూర్చియే మూడు సాయంకాలములు వారిరువురును వాదించిరి. నాలుగవనాడును చెంబు వచ్చెను. వాదము మరియొక విషయమునకు మరలెను.

ఆ యరుగుమీద ఒక నియమ ముండెడిది. ఒకరు చెప్పిన దానిని రెండవవారు తమ మాటలలో తిరిగి చెప్పవలెను. "అవునండి, నే నన్నది అదే" యని మొదటివా రంగీకరించిన పిదపనే ఖండనము మొదలిడవలెను. ఒకనాడు కర్మసిద్ధాంతమును గూర్చి మాటవచ్చినది. మాస్టారు తిరిగి చెప్పిరి. శాస్త్రిగారు తల అడ్డముగా నూపి "ఇంకా రాలేదండి మాస్టారూ" అనిరి. మాస్టారు మరల మొదలుపెట్టిరి. లాంతరు వెలిగించిరి, లోపలినుండి రెండుమార్లు భోజనమునకు పిలుపు వచ్చినది. తుదకు శాస్త్రిగారు "ఆఁ, ఇప్పుడు నా మాట నా మాటలా ఉంది" అనగా, మాస్టారు లేచి పైపంచె దులుపుకొని "మీ మాట అందుకోడానికే ఇవాళ పొద్దు సరిపోయిందండి. కాదనడం రేపు చూసుకుందాం" అనిరి. అరుగు క్రింద కూర్చుండి వినుచున్న మా కుఱ్ఱవాండ్రకు ఆనాడు జగడము చూడలేకపోయితిమను నిరాశయే మిగిలినది. అచట జరిగినది ఎంత కష్టమైన పనియో తెలియుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

తెలియుటకు ముందు నేను చేసిన తప్పొకటి కలదు. పదునేడేండ్ల ప్రాయమున రెండుమూడు చిన్నపుస్తకములు చదివి, లోకములోని మౌఢ్య మంతయు నా ప్రశ్నకై కాచుకొని యున్నదని తలచితిని. ఆ యేడు కొల్లేరు పొంగి చేలు మునిగినవి. ఫాల్గునమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పోయివచ్చిన యొక ముసలమ్మ మా వీధిలో ఇంటింటికి కుంకుమ పంచుచుండగా, నలుగురు స్నేహితుల నడుమ నిలబడి "అమ్మవారు కొల్లేటిని కాస్తూంటే నీ చేను ఎలా మునిగింది, మామ్మా?" అని అడిగితిని. వారు నవ్విరి. ఆమె కుంకుమపొట్లము చేత పట్టుకొని నిలుచుండిపోయినది. ఆ రాత్రి మాస్టారు నన్ను పిలిపించి, తిట్టక, "నీ ప్రశ్న సరైనదేరా. నేనూ అడుగుతాను. కాని నువ్వు ఆవిణ్ణి అడగలేదు, నీ వెనకాల నవ్వేవాళ్ళను అడిగావు" అనిరి. మరునాడు పోయి ఆమెకు క్షమాపణ చెప్పుకొంటిని. ఆమె నా కేమియు సమాధానము చెప్పలేదు.

ఇట్టి సంఘటనమే వేరొక చోట వేరొకరి మనస్సులో ఎంతకాలము నాటుకొని యుండెనో తరువాత గాంధీమహాత్ముని ఆత్మకథలో చదివితిని. 1891లో చార్లెస్ బ్రాడ్లా యను ప్రఖ్యాత నాస్తికుడు మరణింపగా, లండనులో న్యాయశాస్త్రము చదువుచున్న గాంధి ఆయన యంత్యక్రియలకు పోయెను. తిరుగుప్రయాణమున రైలుకై వేచియుండగా, గుంపులోని నాస్తికు డొకడు ఒక క్రైస్తవ మతాచార్యుని పట్టుకొని, భూమికి చుట్టుకొలత యున్నదని యొప్పుకొందువు గదా, నీ దేవుని కొలత యెంత, ఆయన యెచట నుండునని నిలదీసెను. ఆ పెద్దమనిషి మెల్లగా ఒక మాట చెప్పి, వాడింకను రెచ్చగొట్టగా మౌనము వహించెను. ఈ సంభాషణ నాస్తికమునెడల తనకున్న వైముఖ్యమును మరింత పెంచెనని గాంధి వ్రాసికొనెను. ప్రతిపక్షులు చేయలేని యపకారము బ్రాడ్లా పక్షమునకు ఆయన యనుచరుడే స్టేషనులో చేసెను. గెలిచితినని తలచుచు అతడు రైలెక్కియుండును.

మన శాస్త్రములలో వాదమునకు మూడు గతులు చెప్పబడినవి. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలుపే కోరి చేయునది జల్పము. తన పక్షమే లేక ఎదుటివానిని పడగొట్టుటకే చేయునది వితండము. నేడు మనము "వితండవాదము" అను మాటను అరుగులమీద విరివిగానే వాడుదుము గాని, అది ఎల్లప్పుడు ఎదుటివాడు చేయునదియే యని తలంతుము. సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము, అనగా ఎదుటివాని వాదము, ఉండితీరవలె నన్న కట్టడి యెంత గొప్పదో చూడుడు. పదునాలుగవ శతాబ్దమున వేదాంతియైన మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహము వ్రాయుచు నాస్తికమైన చార్వాకమతముతోనే గ్రంథ మారంభించెను. చార్వాకుల మూలగ్రంథములు నశించినవి; వారి మాట నేడు మన చెవిని బడుచున్నదన్న, అది చాలవరకు ఖండింపబూనిన వారు ముందుగా దానిని వ్రాసిపెట్టిన ఫలమే. అయితే దీనిని తలచి గర్వింపబోవువారు మహాభారతము శాంతిపర్వమును గూడ తలపవలెను. ధర్మరాజు సభలో నిలిచి బంధుహత్యను నిందించిన చార్వాకుని బ్రాహ్మణులు హుంకారముతో దహించిరని అందు కలదు. అతనిని రాక్షసుడని కథ చెప్పును. ఎదుటివానిని రాక్షసునిగా జేసికొన్న పిదప పూర్వపక్షము వ్రాయవలసిన పని యుండదు గదా. ఈ రెండును మన సంప్రదాయములే. వానిలో దేనికి వారసులమగుదుమో యేరుకొనవలసినవారము మనము.

ఇచటికి దూరము కాని గుంటుపల్లి కొండమీద, సృష్టికర్తయైన ఈశ్వరుని యంగీకరింపని బౌద్ధభిక్షువులు క్రీస్తునకు పూర్వమే గుహలు తొలిపించుకొనిరి. వారు పోయిన తరువాత అచటి గుండ్రని గుహలోని స్తూపమును చుట్టుప్రక్కల పల్లెలవారు ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. దీనిని కబళించుట యందురు కొందరు. కలుపుకొనుట యందురు కొందరు. కలుపుకొన్నను, ఆ భిక్షువులు ఏమనిరో అడుగకుండ కలుపుకొనిరి. అందుచేతనే నాకు ఆ స్తూపముకంటె శాస్త్రిగారి "ఇంకా రాలేదండి" యే పెద్ద గౌరవముగా తోచును.

ఇక మన తెలుగువా రొకరి యెడ ఇట్టి గౌరవము పూర్ణముగా నిలిచిన సందర్భ మొకటి కలదు. గోరాగారని మన మెఱిగిన గోపరాజు రామచంద్రరావుగారు 1902లో గంజాం సీమలోని ఛత్రపురమున జన్మించిరి. వృక్షశాస్త్రమున ఎం.ఏ. చదివి కళాశాలలలో బోధించుచు, నాస్తికులైన కారణమున ఉద్యోగము పోగొట్టుకొనిరి. 1940లో కొల్లేటి కావల, ఉయ్యూరు దాపుననున్న ముదునూరులో నాస్తిక కేంద్రము స్థాపించి సహపంక్తిభోజనములు, అస్పృశ్యతా నివారణము, వయోజనవిద్య సాగించిరి. 1941లో తమ పనిని గూర్చి గాంధీజీకి వ్రాయగా, నాస్తికత్వము ఆత్మను నిరాకరించుట యనియు, దాని ప్రచారమున ఎవరును కృతార్థులు కాలేదనియు, ముదునూరులో ఫలితము కనబడిన నది మీ నిష్కపట సేవ వలననే యనియు, మాటాడుటకు తనకు తీరిక లేదనియు ప్రత్యుత్తరము వచ్చినది. అందులో కపటము లేదు. అయినను అది పూర్వపక్షము వినకయే చెప్పిన సిద్ధాంతము.

గోరాగారు అలిగి కూర్చుండలేదు. పనిలో నుండిరి. 1944 నవంబరు చివర గాంధీజీ యాశ్రమమైన సేవాగ్రామమునుండి పిలుపు వచ్చినది. దేవుడు లేని మనిషితో ఏమి మాటాడుదునని గాంధీజీ పలుకరింపగా, తాను దేవుడు లేనివాడను కాననియు నాస్తికుడననియు గోరాగారు బదులు చెప్పిరి. ఆ రెంటికి భేద మేమని గాంధీజీ యడిగెను. నా దృష్టిలో ఈ ప్రశ్నయే ఆ చరిత్ర మంతటికిని కీలకము. అరువదేండ్లు రామనామము జపించిన వృద్ధుడు, తనకంటె ముప్పదిమూడేండ్లు చిన్నవాడైన నాస్తికుని, నీ మాటకు నీ వర్థ మేమి చెప్పుదువని యడుగుచున్నాడు! అటుపిమ్మట గోరాగారు తర్కమునకు పోలేదు. కలకత్తా వీధులలో తాము చూచిన కరవును చెప్పిరి: మిఠాయి యంగళ్ళ ముంగిట, పండ్ల గుట్టల ప్రక్కనే, ఆకటితో కూలి చనిపోయినవారిని గూర్చి, ఇది తలవ్రాత యనుకొనుటచేతనే వారును, చూచువారును చేయి కదల్పలేదని. అది విన్న గాంధీజీ, నీ మాటలో ఒక ఆదర్శము కనబడుచున్నది, నా ఆస్తికత్వము ఒప్పని గాని నీ నాస్తికత్వము తప్పని గాని నేను చెప్పజాలను, మన మిరువురమును సత్యాన్వేషకులము, తప్పని తోచినపుడు మార్చుకొందమను భావమును వెల్లడించెను. 1941 నాటి ఉత్తరమును ప్రక్కనుంచి చూచిన, మూడేండ్లలో ఆ మహాపురుషుడు నడచిన దూర మెంతయో తెలియును.

ఆ గౌరవము మాటతో నాగలేదు. గోరాగారి కుమార్తె మనోరమకు, హరిజన యువకుడైన అర్జునరావునకు సేవాగ్రామముననే వివాహము చేయుటకు గాంధీజీ యంగీకరించెను. ప్రమాణమున "దేవుని సాక్షి"గా ననుట నాస్తికులైన వారికి కుదరదు. దేవుని పేరునకు మారుగా సత్యము పేర ప్రమాణము చేయవచ్చునని ఆయన యొప్పుకొనెను. అంతకుముందే, 1931లో, దేవుడు సత్యమనుటకు మారుగా సత్యమే దేవుడనుట మేలని ఆయన చెప్పియుండెను. నాస్తికులు సైతము సత్యమును కాదనలేరన్నది ఆయన చెప్పిన హేతువులలో నొకటి. బ్రాడ్లా యంత్యక్రియలనాటి కుఱ్ఱవానినుండి ఇంతదూరము! పెండ్లినాటికి ఆయన లేరు. 1948 జనవరి 30న వారిని హత్యచేసిరి. అయినను మార్చి 13న, ఆ యాశ్రమముననే, సత్యము పేరిటనే ఆ వివాహము జరిగెను. 1951లో గోరాగారు ఈ సంభాషణలను పుస్తకముగా వెలువరించిరి. ఇరువురిలో ఎవరును తమ పక్షమును విడువలేదు. గాంధీజీ నాస్తికుడు కాలేదు. గోరాగారు 1975లో విజయవాడలో ప్రసంగించుచు కన్నుమూయువరకు నాస్తికులుగనే యుండిరి.

మరియొక ముచ్చట. భూదానయాత్రలో వినోబాజీ తెలుగుదేశమున నడచినపుడు ఆయన ప్రసంగములను తెనిగించి వినిపించినవారిలో గోరాగారి కుమారుడు లవణంగా రొకరు. ఎదుట పరమభక్తుడు భగవంతుని గూర్చి పలుకును. ప్రక్కన నాస్తికుడు ఆ పలుకు వన్నె తగ్గకుండ పల్లెజనమునకు అందించును. మా మాస్టారి యరుగుమీది నియమము వేలజనము నెదుట నడచినట్లే గదా!

గౌరవమనగా మెత్తగా మాటాడుట యని కొందరు, ఆ ప్రసంగమే యెత్తకుండుట యని మరికొందరు భావింతురు. నేను దీని నొప్పుకొనను. "ఎవరి నమ్మకం వారిదండి" యని లేచిపోవుట ఎదుటివానిని వాదమునకు పనికిరానివానినిగా లెక్కించుటయే. నమ్మకమును ఎంత గట్టిగనైన కొట్టవచ్చును. కొట్టబడునది అతని నమ్మకమే కావలెను గాని, మనము గడ్డితో కట్టుకొన్న బొమ్మ కారాదు. ఈ భారము ఇరువురిమీద సమానముగా నున్నదనియు నేను చెప్పజాలను. ఆస్తికునికి ఊరున్నది, గుడి యున్నది, బంధువు లున్నారు, పండుగ లున్నవి. నాస్తికుడు నోరు విప్పిన పెండ్లిసంబంధము తప్పిపోవచ్చును, జీవనోపాధియే పోవచ్చును. బలము ఎవరిదో వారే ముందుగా పీట వేయవలెను. నాస్తికుని చేతనున్న బలమల్లా ఎగతాళి. ఆ బలమునే నేను కుంకుమపొట్లముతో నిలబడిన మామ్మమీద ప్రయోగించితిని.

శాస్త్రిగారికి కడపటి దినములలో చూపు తగ్గినది. ఏకాదశినాడు భాగవతము చెప్పుట మానలేరు, చదువుట చేతకాదు. మాస్టారు రెండేండ్లపాటు ప్రతి యేకాదశికి పద్యము చదివి వినిపించిరి, శాస్త్రిగారు అర్థము చెప్పిరి. తమకు సందేహము కలిగినచోట్ల, శాస్త్రిగారి యనుమతితోనే, ఆ పుస్తకపు అంచున పెన్సిలుతో ఆక్షేపణ వ్రాసెడివారు.

మాస్టారు పోయిననాడు దూరపు బంధు వొకరు తులసితీర్థము తెచ్చి నోట పోయబోగా, శాస్త్రిగారు చేయి అడ్డము పెట్టి "వద్దు నాయనా. వారు ఒప్పుకోని నీళ్ళు వారు లేకుండా చూసి పొయ్యకూడదు" అనిరి. ఆ చేయి వణకుచుండెను. ఆ తీర్థము లేనిదే జీవునికి మేలు లేదని నిండుగా నమ్మిన మనిషి ఆయన.

తరువాతి యేకాదశికి నన్ను పిలిపించిరి. నేను పీటముందు కూర్చుండి, గుర్తుంచిన చోట పుస్తకము విప్పి, పద్య మెత్తుకొనబోవుచుండగా ఆపిరి.

"పక్కన మాస్టారి రాత ఏమైనా ఉందా?"

"ఉందండి."

"ముందు అది చదువు. గట్టిగా, అందరికీ వినబడేలా చదువు. పద్యం తరవాత."